కాగితపు కప్పు దాచిన లెక్క

కాఫీ కోసం ఊళ్లు తిరగడం ఇప్పుడొక అభిరుచి. సెలవు రోజున బండెక్కి, ముందే ఫోనులో చూసిపెట్టుకున్న కెఫేకు వెళ్లి, టిఫినుకూ భోజనానికీ నడుమ ఏదో ఒకటి తిని, నాలుగు ఫొటోలు తీసుకుని రావడాన్ని బ్రంచ్ అంటున్నారు. విశాఖ సముద్రతీరంలో బలపడిన ఈ అలవాటు 16వ నంబరు జాతీయ రహదారి వెంట ఉత్తరానికి సాగి శ్రీకాకుళం దాటింది. టెక్కలిలో ఇంజనీరింగ్ విద్యార్థులు, పలాసలో జీడిపప్పు వ్యాపారుల పిల్లలు, సెలవులకు ఇంటికొచ్చిన హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగులు ఆ అలవాటుకు ఇక్కడ ఆదరణ తెస్తున్నారు. పది గంటల వేళ తినడం మాత్రం ఉద్దానానికి కొత్త కాదు. తెల్లవారకముందే పనిలోకి దిగిన తోట కూలీలు ఆ వేళకు చెట్టు నీడన కూర్చుని చద్దన్నం తింటారు, చోడి అంబలి తాగుతారు. దానికి ఎవరూ ఇంగ్లీషు పేరు పెట్టలేదు.

ఈ కెఫేలను వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. ఇద్దరు ఆడపిల్లలు గంటసేపు నిశ్చింతగా కూర్చుని మాట్లాడుకోగల చోటు మా చిన్న పట్టణాల్లో నిన్నమొన్నటి దాకా లేదు. టీ బడ్డీ ముందరి బల్ల ఎప్పుడూ మగవాళ్లదే. వేర్వేరు కులాల స్నేహితులు ఇంటి పెద్దల కళ్లకు దూరంగా ఒకే బల్ల దగ్గర తినడం కూడా చిన్న సంగతి కాదు. అందుకే ఈ చోట్లను మెచ్చుకునేవారిని కొన్ని ప్రశ్నలు అడగాలనిపిస్తుంది. ఆ ప్రశ్నలకు దారి చూపింది కూడా కాఫీయే.

స్పెషాలిటీ కాఫీ అన్నది ఉత్త మాట కాదు. రుచి చూసే నిపుణులు 100కు 80 మార్కులు, అంతకు మించి ఇచ్చిన గింజకే ఆ పేరు. ఆ గింజ ఏ కొండ మీద, ఎంత ఎత్తున పండింది, పండును ఎలా కడిగారు, ఎలా ఎండబెట్టారు, ఎప్పుడు వేయించారు అన్న వివరాలు చెప్పగలగడమే ఆ వ్యాపారానికి గర్వకారణం. గింజ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పే కెఫే తన బల్ల గురించి కూడా కొంత చెప్పవచ్చు. ఇక్కడ ఎవరు కూర్చుంటున్నారు? యజమాని ఎవరు? వంటగది వెనుక కప్పులు కడిగేదెవరు? మరుగుదొడ్డి శుభ్రం చేసేదెవరు?

మన దేశంలో హోటలు బల్లకు కులం లేని రోజు తక్కువ. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ గుర్తుంది కదా. డబ్బిచ్చి అన్నం తినే చోటు కూడా ‘ఎవరి చేతి వంట’ అన్న ప్రశ్న చుట్టూ తిరిగిన కాలమది. తర్వాత కాఫీ క్లబ్బులు వచ్చాయి. కాఫీ తమిళనాట ఎలా మధ్యతరగతి అగ్రకుల మర్యాదకు గుర్తయిందో, టీ ఎలా శ్రామికుల పానీయంగా స్థిరపడిందో చరిత్రకారుడు ఎ.ఆర్. వెంకటాచలపతి వివరంగా రాశారు. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని ఒక హోటలు బోర్డు మీది ‘బ్రాహ్మణ’ అన్న మాటను తీసేయాలని పెరియార్ అనుచరులు నెలల తరబడి పికెటింగ్ చేశారు. వందలాది మంది అరెస్టయ్యారు. చివరికి ఆ మాట పోయింది. అంతకు నాలుగేళ్ల ముందు వరకు మన జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలో భాగమే.

పట్టణంలో బోర్డు చేసిన పనిని పల్లెలో గ్లాసు చేసింది. రెండు గ్లాసుల పద్ధతి గురించి ఈ పుట పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చూరులోనో గుంజ పక్కనో వేరుగా ఉంచిన గ్లాసును దళితుడు తానే తీసుకుని, కింద పెడితే పైనుంచి పోసిన టీ దూరంగా తాగి, తానే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. డబ్బు మాత్రం అందరితో సమానంగా ఇవ్వాలి. రాజ్యాంగ నిర్మాతలకు ఇది తెలుసు. అందుకే 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేస్తే, 15వ అధికరణం రెండో క్లాజు దుకాణాలు, హోటళ్ల పేరెత్తి మరీ అక్కడ వివక్షను నిషేధించింది. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం 1976లో పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. హోటల్లో అందరి కోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం ఆ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. ఒక టీ గ్లాసు కోసం పార్లమెంటు చట్టం రాయవలసి వచ్చిన దేశం మనది.

చట్టం వచ్చినా గ్లాసు చూరులోనే ఉండిపోయింది. 1998లో ఏర్పడిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఊరూరా తిరిగి ఆ గ్లాసులను లెక్కపెట్టింది, పగలగొట్టింది. శ్రీకాకుళం జిల్లా బిడ్డ జస్టిస్ కె. పున్నయ్య నాయకత్వంలోని ఏకసభ్య కమిషన్ దళితులు, గిరిజనులపై సాగుతున్న వివక్షను విచారించి 2001లో నివేదిక ఇచ్చింది.

ఆ తర్వాత జరిగిన మార్పును ఉద్యమమూ చట్టమూ మాత్రమే తెచ్చాయని అనుకోలేం. కాగితపు కప్పు వచ్చింది. టెక్కలి నుంచి పలాస మీదుగా వజ్రపుకొత్తూరు తీరం దాకా నేను ఆగిన టీ బడ్డీల్లో గాజు గ్లాసు చాలా అరుదుగా కనిపించింది. ఎవరు తాగినా అదే కప్పు, తాగాక అదే చెత్తబుట్ట. పైకి చూస్తే ఇది సమానత్వమే. రెండో గ్లాసు పోవడం దళితుడికి ఎంత ఊరటో ఆ గ్లాసుతో తాగినవారికే తెలుసు, దాన్ని తక్కువ చేయను. అయితే ఒకరి ఎంగిలి కడిగిన గ్లాసులో మరొకరు తాగడానికి ఊరు ఒప్పుకుందా అన్న ప్రశ్నకు కాగితపు కప్పు జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న అడగవలసిన అవసరమే లేకుండా చేసింది. కులం మనసులోంచి పోయిందో, గ్లాసుతో పాటు కనుమరుగైందో తేల్చే పరీక్ష వాయిదా పడింది.

కొత్త కెఫేలు ఆ పరీక్షను తిరిగి తెచ్చాయి. ఇక్కడ కాఫీని పింగాణీ కప్పులో ఇస్తారు. ఒకరు తాగిన కప్పును కడిగి మరొకరికి ఇస్తారు. ఎవరు ముందు తాగారని ఎవరూ అడగరు. మా ప్రాంతంలో ఇది నిజంగా మంచి మార్పు. మార్కెట్ కులాన్ని కరిగిస్తుందని వాదించే చంద్రభాన్ ప్రసాద్ వంటివారు దీన్ని చూసి సంతోషిస్తారు. ఆయన, దేవేశ్ కపూర్, మరికొందరు ఉత్తరప్రదేశ్‌లోని రెండు బ్లాకుల్లో జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. సంస్కరణల కాలంలో పెళ్లి విందుల్లో దళితులను వేరుగా కూర్చోబెట్టడం బాగా తగ్గిందని అది చెప్పింది. ఆ మార్పును కాదనడం మొండితనమే అవుతుంది.

కానీ ఆ పింగాణీ కప్పు దాకా చేరేదెవరు? నేను చూసిన ఒక ధరల పట్టికలో కాపచీనో 150 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఒక కప్పు దాదాపు సగం రోజు శ్రమకు సమానం. ధర అందరికీ ఒకటేనని, డబ్బుకు కులం లేదని అంటారు. ఉద్దానంలో కొబ్బరి తోట ఎవరిది, జీడి బట్టీ ఎవరిది, రహదారి పక్క స్థలం ఎవరిది అని అడుగుతూ పోతే డబ్బుకు కులం ఉన్నదో లేదో తెలుస్తుంది. బోర్డు మీద రాయకుండానే ధర కొందరిని గడప అవతల ఉంచుతుంది.

ఇక్కడ మరో మాట దాచకుండా చెప్పుకోవాలి. మా తీరంలో ఊరిపై పట్టు ఉన్నవి ఎక్కువగా వెనుకబడిన కులాలే. అవమానం ఎప్పుడూ పై మెట్టు నుంచే వస్తుందని అనుకుంటే ఈ జిల్లా అర్థం కాదు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మింపేటలో మడ్డువలస ప్రాజెక్టు భూముల వివాదంలో ఐదుగురు దళితులను చంపినవారు కూడా బీసీ కులస్థులే. మాది ప్రశాంతమైన జిల్లా అన్న మాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది. రెండో గ్లాసును చూరులో పెట్టిన చేతుల్లో బీసీ చేతులూ ఉన్నాయి. కెఫే యజమాని బీసీ అయినంత మాత్రాన ప్రశ్నలు తీరిపోవు.

ఇక కప్పులోకి చూద్దాం. అందులోది చాలాచోట్ల అరకు కాఫీయే. 2017లో పారిస్‌లో ఆ పేరుతో కెఫే తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024 జూన్‌లో ప్రధాని రేడియో ప్రసంగంలో మెచ్చుకున్నారు. 2025లో పార్లమెంటు ప్రాంగణంలో దాని స్టాళ్లు వెలిశాయి. మిరియాల తీగల పక్కన, సిల్వర్ ఓక్ నీడన ఆ గింజను పండించేది పాడేరు, అరకు కొండల ఆదివాసీలు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ వారి పంటను కొంటోంది. దళారుల చేతికి పోయే రూపాయిలో కొంత రైతుకు చేరింది. ఇది మన రాష్ట్రం గర్వించదగ్గ పనే. అయినా కెఫే గోడ మీద నవ్వుతున్న ఆదివాసీ స్త్రీ ఫొటో ఉంటుంది కానీ, గల్లాపెట్టె దగ్గర ఆదివాసీ యువతి కనిపించదు. పండించేవారు పటంలో ఉన్నారు, భాగస్వామ్యంలో లేరు.

కాఫీ పక్కన వచ్చే జీడిపప్పు కథ మరీ దగ్గరిది. పలాస, కాశీబుగ్గల్లో వందల బట్టీలున్నాయి. స్థానిక జీడి పిక్కలు చాలక ఆఫ్రికా దేశాల నుంచి తెచ్చి మరీ ఇక్కడ ఒలుస్తారు. పిక్కను ఉడికించి, కోసి, ఎండబెట్టి, పైపొర తీసి, రకాలుగా వేరుచేసే పనిలో అత్యధికులు స్త్రీలు. పిక్క పెంకులోని జిగురు చర్మాన్ని కాలుస్తుంది. ఆ చేతులను చూసినవారెవరూ జీడిపప్పును అంత తేలిగ్గా తినలేరు. కిలోల లెక్కన కూలి, గుడ్డు విరిగితే బద్దగా మారి ధర తగ్గుదల. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 320కి మించకుండా తూగే గుడ్లు అన్నంత కచ్చితమైన కొలత గింజకు ఉంది. ఒలిచిన చేతికి అలాంటి కొలత లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి తోటలను పడగొట్టినప్పుడు చెట్టుకు పరిహారం ఇచ్చారు. చెట్టు లేనివారికి, చెట్టు మీదే బతికేవారికి చెట్టు లెక్కన ఇవ్వడానికి ఏమీ లేకపోయింది.

నీళ్ల సంగతీ ఉంది. మూత్రపిండాల వ్యాధి భయంతో ఉద్దానంలో మనిషి గ్లాసు నీళ్లు చూసి ముందు అనుమానిస్తాడు. ఆ వ్యాధికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి తాగునీటి పథకాన్ని ప్రారంభించారు, పలాసలో ఆసుపత్రి తెరిచారు. 1927లో మహద్ చెరువు నీటి కోసం అంబేడ్కర్ నడిచారు. 1985లో కారంచేడులో చెరువు నీటి దగ్గర మొదలైన మాట హత్యాకాండ దాకా పోయింది. ఇప్పుడు నీళ్లు క్యానులో వస్తున్నాయి. క్యాను కొనలేనివాడు తాగే నీళ్లు ఏవి అన్నది ఈ తీరంలో నేటికీ సామాజిక ప్రశ్నే.

విద్యార్థులకు ఒక సంగతి గుర్తుచేస్తాను. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణం భోజన బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవలేదు. మర్నాడు మరికొందరు వచ్చారు. జూలై నెలాఖరుకు ఆ బల్ల అందరిదీ అయింది. కాఫీ అడగడం అప్పుడు ఒక రాజకీయ చర్య. మన విద్యార్థులు కాఫీ కోసం ఇంత దూరం తిరుగుతున్నారు కనుక ఆ చర్యలో కొంత భాగం వారూ తీసుకోవచ్చు.

చేయదగ్గ పనులు మూడు కనిపిస్తున్నాయి. మొదటిది, గిరిజన సహకార సంస్థ తన కాఫీ స్టాళ్లను ఆదివాసీ, దళిత యువతకే యాజమాన్య హక్కుతో ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా రుణమిచ్చేందుకు 2016లో స్టాండప్ ఇండియా పథకం తెచ్చారు. అలాంటి రుణాన్ని ఇటువంటి చిన్న వ్యాపారానికి చేర్చడం బ్యాంకుల బాధ్యత. రెండోది, జీడి కార్మిక స్త్రీల సంఘాలకు రహదారి పక్కన చోటివ్వాలి. 1957లో కాఫీ బోర్డు మూసేసిన కాఫీ హౌసులను ఎ.కె. గోపాలన్ ప్రోద్బలంతో కార్మికులే సహకార సంఘాలుగా నడిపించారు. సర్వర్లే యజమానులైన ఆ ఇండియన్ కాఫీ హౌసులు ఇప్పటికీ నడుస్తున్నాయి. పప్పు ఒలిచిన చేతులే పప్పు అమ్మే కెఫే పలాసలో ఎందుకు ఉండకూడదు?

మూడోదానికి పైసా ఖర్చు లేదు. ప్రతి నెలా 30న రెవెన్యూ, పోలీసు అధికారులు పల్లెల్లో పౌర హక్కుల దినం జరపాలన్న ప్రభుత్వ ఆదేశం ఉంది. చాలాచోట్ల అది పాఠశాల వరండాలో ఒక ప్రసంగం, ఒక ఫొటోతో ముగుస్తుంది. ఆ సభను ఊరి టీ బడ్డీ దగ్గరకు మార్చాలి. టెక్కలి, పలాస విద్యార్థులు వచ్చే 30న తహసీల్దారుతో పాటు ఊళ్లోకి వెళ్లి, అన్ని పేటలవారితో ఒకే బల్ల మీద కూర్చుని, కాగితపు కప్పు వద్దని చెప్పి గాజు గ్లాసులో టీ అడగాలి. తాగాక ఆ గ్లాసులను ఒకే తొట్టిలో కడిగి, మరో వరసకు పోయమనాలి.