లాంచీ ఒక పూట, ఏర్పాటు మూడు రోజులు

మన పల్నాటి కుటుంబాలకు విహారయాత్ర అనగానే ముందు గుర్తుకు వచ్చేది నాగార్జునసాగరం. దసరాకు గాని, క్రిస్మస్‌కు గాని పట్నాల నుండి పిల్లలు వచ్చారంటే చాలు, "లాంచీ ఎక్కి కొండకు పోదాం" అనే మాట ఇంట్లో వినబడుతుంది. లాంచీ మీద గడిపేది ఒక్క పూటే. అయితే ఆ పూట సంతోషంగా గడవాలంటే ముందురోజు రాత్రి ఎక్కడ బస చేయాలి, తిరిగి ఏ రైలుకు రావాలి అన్న ఆలోచన ఇంటి దగ్గరే జరగాలి. సంఘ కుటుంబాలతో కలిసి వెళ్లి వచ్చినప్పుడు మేము గమనించిన సంగతులు కొన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ఏ గట్టు నుండి?

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ నీట మునుగుతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన కట్టడాలలో కొన్నిటిని కొండమీదికీ, మరికొన్నిటిని గట్టున ఉన్న అనుపుకూ తరలించారు. నీరు నిండాక ఆ కొండ ద్వీపమైంది. అక్కడి మ్యూజియం చూడాలంటే లాంచీలోనే వెళ్లాలి.

2014 నుండి సాగర్ కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌లో, ఎడమ గట్టు తెలంగాణలో ఉన్నాయి. కుడి గట్టున విజయపురి సౌత్ నుండి మన రాష్ట్ర పర్యాటక శాఖ లాంచీలు కొండకు వెళ్తాయి. శ్రీశైలం వెళ్లే పెద్ద లాంచీని ఎడమ గట్టు నుండి తెలంగాణ పర్యాటక శాఖ నడుపుతూ వస్తోంది. హైదరాబాదు నుండి వచ్చే బంధువులు ఒక గట్టున, మనం మరో గట్టున దిగి ఎదురుచూడకుండా ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

కొండమీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. వరద వచ్చి గేట్లు ఎత్తిన రోజుల్లోనూ, గాలి హెచ్చుగా ఉన్నప్పుడూ లాంచీలు ఆపుతారు. కనుక బయలుదేరే ముందురోజు ఫోనులో విచారించడం తప్పనిసరి.

ముందు రాత్రి విలువ

గుంటూరు వైపు వారికి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి మీదుగా మాచర్ల రైలు ఉంది. గురజాల, రెంటచింతల వారికి అది ఇంటి ముందు బండే. సికింద్రాబాదు నుండి వచ్చేవారు నడికుడి జంక్షన్‌లో దిగి మాచర్ల వైపు మారవచ్చు. నరసరావుపేట మాత్రం గుంటకల్లు లైను మీద ఉంది. అక్కడివారు రైలు కోసం గుంటూరు దాకా వెనక్కి పోవడం కంటే బస్సులో మాచర్ల చేరడం మేలు. మాచర్ల నుండి సాగర్‌కు బస్సులు, ఆటోలు ఉంటాయి.

తెల్లవారుజామున ఇల్లు వదిలి అదే పూట లాంచీ అందుకోవాలనుకుంటే, బండి గంట ఆలస్యమైనా ప్రయాణమంతా చెడుతుంది. పెద్దలు అలసిపోతారు, పిల్లలు ఆకలికి ఏడుస్తారు. అందుచేత మేము చెప్పే పద్ధతి ఇది. ఆదివారం ఆరాధన ముగించుకొని, భోజనం చేసి బయలుదేరి, ఆ రాత్రికి మాచర్లలో గాని విజయపురి సౌత్‌లో గాని బస చేయండి. సోమవారం ఉదయం లాంచీ, మధ్యాహ్నం తరువాత అనుపు, రాత్రికి మళ్లీ బస. మంగళవారం మాచర్ల దారిలో, సాగర్‌కు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎత్తిపోతల జలపాతం చూచుకొని రైలు ఎక్కవచ్చు.

"రెండు రాత్రుల గది అద్దె ఎక్కడ తెచ్చేది? కూలి కూడా పోతుంది గదా!" అని అడిగే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆ మాట న్యాయమైనదే. అటువంటివారు రెండో రాత్రిని మానుకొని, అనుపును వదిలి, సోమవారం సాయంత్రమే బస్సులో ఇల్లు చేరవచ్చు. మొదటి రాత్రిని మాత్రం తగ్గించుకోవద్దు. అలాగే లాంచీ దిగిన సాయంత్రానికే దూరపు రైలుకు రిజర్వేషను చేయించవద్దు. లాంచీ ఆలస్యమైతే ఆ టికెట్టు డబ్బు పోయినట్లే.

శ్రీశైలం లాంచీ ఎక్కేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. అది దాదాపు నూట పది కిలోమీటర్ల ప్రయాణం, ఇంచుమించు ఆరు గంటలు పడుతుంది. జలాశయంలో నీరు తగినంత ఉన్న నెలల్లోనే నడుస్తుంది. దిగేది శ్రీశైలం ఆనకట్ట దిగువన లింగాలగట్టులో. అక్కడి నుండి మాచర్లకు దోర్నాల, ఎర్రగొండపాలెం మీదుగా నల్లమల అడవి దారిన రావాలి. రాత్రివేళ ఆ అడవిలో వాహనాలను ఆపుతారు. కనుక ఆ రాత్రి అక్కడే బస అనుకొని బయలుదేరాలి.

తొందర తెచ్చే ప్రమాదం

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర ఇదే కృష్ణలో అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద వరద ప్రవాహంలో వెళ్లిన పడవ మునిగి నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చేతిలో ఇంకొక రోజు ఉన్నవారు "ఈ పడవ వద్దు, రేపు పోదాం" అని చెప్పగలరు. సాయంత్రం రైలుకు పరుగెత్తవలసినవారు ఏదో ఒక పడవ ఎక్కేస్తారు. లైఫ్ జాకెట్టు ఇవ్వని పడవ, కిక్కిరిసిన పడవ ఎక్కకండి. పసిబిడ్డలకు సరిపడే జాకెట్టు ఉందో లేదో అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

పెద్ద సముద్రానికీ ఇదే పద్ధతి

విదేశాల్లో ఉన్న పిల్లలు తల్లిదండ్రులను మధ్యధరా సముద్రపు ఓడ ప్రయాణానికి తీసుకువెళ్లడం ఇప్పుడు మన ఊళ్లలోనూ వింటున్నాం. అక్కడా సూత్రం ఇదే. ఓడ ఆలస్యంగా వచ్చినవారి కోసం ఆగదు. కనుక ఓడ ఎక్కే నగరానికి ఒక రోజు ముందే చేరాలి. రోము చూపిస్తామనే ఓడ రోములో ఆగదు. చివితావెక్కియా అనే రేవులో ఆగుతుంది. అక్కడి నుండి రోముకు దాదాపు గంట రైలు ప్రయాణం. ఎఫెసు శిథిలాలు చూడాలంటే టర్కీ దేశపు కుషాదసి రేవులో దిగుతారు. యూరపు నుండి టర్కీకి పోయి మళ్లీ యూరపుకు వచ్చే ఓడ అయితే, రెండుసార్లు ప్రవేశానికి పనికివచ్చే వీసా ఉందో లేదో ముందే చూచుకోవాలి.

ఆ సముద్రం మీద పౌలు చేసిన ప్రయాణం అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయాలలో ఉంది. మంచిరేవులు అనే చోట ఆగడం మేలని ఆయన హెచ్చరించినా, ఓడ నడిపేవారు సాగిపోయారు, ఓడ బద్దలైంది. మెలితేలో మూడు నెలలు గడిపాక, పొతియొలీలో సహోదరుల దగ్గర ఏడు రోజులుండి, ఆ తరువాత రోముకు వెళ్లారు.

ఈ సెలవుల్లో సాగర్ వెళ్లదలచినవారు ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక కాగితం మీద రాసుకోండి: ఏ గట్టు, ఏ రాత్రి ఎక్కడ బస, తిరుగు బండి ఏది, లాంచీ నడవకపోతే ఏమి చేస్తాం. చివరి ప్రశ్నకు జవాబు దొరికాకే సంచులు సర్దండి. క్షేమంగా వెళ్లి రండి.