పాత కారా? పెద్ద వ్యానా?

పంట సొమ్ము చేతికందగానే ఇంటికో బండి కొనాలన్న ఆలోచన పల్లెల్లో మొదలవుతుంది. ఒకప్పుడు ఈ తర్జనభర్జన అంబాసిడర్‌కూ, మెటాడోర్ వ్యానుకూ మధ్య సాగేది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. బండ్ల పేర్లు మారాయి గాని చిక్కు మారలేదు.

డిక్కీ ఉన్న పాత కారులో డ్రైవరుతో కలిపి అయిదుగురే కూర్చోవాలి. ఆయిలు ఖర్చు తక్కువ. అర్ధరాత్రి ఆస్పత్రికి పోవాలన్నా ఇరుకు సందుల్లోంచి సులువుగా బయటపడుతుంది. పెద్ద వ్యానులోనైతే పెళ్ళివారు మూటాముల్లెతో ఒక్క ట్రిప్పులోనే చేరుతారు. కాని టైర్లు, బీమా, రిపేర్లు అన్నీ బరువే. ఏడాదిలో నాలుగు పెళ్ళిళ్ళ కోసమైతే వ్యాను కొనడం కన్నా, ఆ నాలుగు రోజులూ అద్దెకు తెచ్చుకోవడమే మేలు.

ఖర్చు రాబట్టుకోవాలని తెల్ల నంబరు ప్లేటు బండిని కిరాయికి తిప్పేవారు లేకపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కిరాయి బండికి పర్మిటు ఉండాలి. అది లేకుండా ప్రమాదం జరిగితే పరిహారం భారం యజమాని నెత్తిన పడవచ్చు.

అమ్మేవారికీ జాగ్రత్త అవసరం. 29, 30 నంబరు ఫారాలు దాఖలు చేసి పేరు మార్పించాలి. సొమ్ము ముట్టి, బండి చేయి మారినా రికార్డులో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చక్రం కన్నా ముందు కాగితం కదలాలి!