బొమ్మల కథలకు వయసుతో పనేమిటి?

"మా జేజి ఇంకా బొమ్మల పుస్తకాలే చదువుతాది!"

పులివెందులలో ఉండే మా మనవరాలు తన స్నేహితురాళ్లకు నన్ను పరిచయం చేసిన తీరు ఇది. తొమ్మిదేళ్ల పిల్ల. ఆ మాటలో వెక్కిరింత లేదు, కాస్త గర్వం కూడా ఉందేమో! నాకే నవ్వాలో, సిగ్గుపడాలో తెలియలేదు. అరవై దాటిన మనిషిని. మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు ఉన్నదాన్ని. చేతిలో మాత్రం శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ!

అబద్ధం ఆడి లాభమేమిటి? బొమ్మల కథలంటే నాకు ఏడేళ్ల వయసు నుంచీ పిచ్చి. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక ఆ పిచ్చి తగ్గలేదు, దాక్కుంది అంతే. అత్తగారికి కనిపించేలా చేతిలో వ్రతకథల పుస్తకం, దాని మధ్యలో చందమామ! మీలో ఎంతమంది ఇలా చదివి ఉంటారో నేను ఊహించగలను.

అయితే ఇష్టపడటం వేరు, ఏది చదవాలో ఎంచుకోవడం వేరు. ఆ రెండో సంగతి ఎంత కష్టమో మొన్న వేసవిలోగానీ నాకు తెలిసిరాలేదు.

అటక మీది ట్రంకు పెట్టె

జమ్మలమడుగు మా పుట్టిల్లు. అమ్మ పోయాక తమ్ముడు ఆ పాత ఇంటిని బాగుచేయించడం మొదలుపెట్టాడు. "అక్కా, అటక మీద నీ ట్రంకు పెట్టె ఉంది. వచ్చి చూసుకుంటావా, కాటాకు వేసేయమంటావా?" అని ఫోన్ చేశాడు. కాటా అన్న మాట నా చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెబుతాను. మరునాడు పొద్దున్నే బస్సెక్కాను.

పెట్టె తెరవగానే పాత కాగితం వాసన గుప్పుమంది. పైన చందమామలు, వాటి కింద బాలమిత్రలు, బొమ్మరిల్లులు, అట్టలు ఊడిన అమర చిత్ర కథలు. అడుగున వారపత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మల పేజీలు, మా అమ్మ దబ్బనంతో కుట్టి ఇచ్చినవి. అమ్మ చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆ కథలు నాకంటే ముందు తనే చదివేది. "బొమ్మ ఉంటే అక్షరం తొందరగా పలుకుతాది" అనేది.

పెట్టెలో రెండు వందలకు పైనే పుస్తకాలు. నా చేతిలో ఉన్నది ఒక్క సంచి. ప్రొద్దుటూరులో మాది చిన్న ఇల్లు, బీరువాలో చీరలకే చోటు చాలదు. ఏవి తీసుకుపోవాలి? ఏవి వదులుకోవాలి? వసారాలో చాప పరుచుకుని కూర్చున్నదాన్ని సాయంత్రం దాకా లేవలేదు.

మన జిల్లా మనిషి చేసిన మేలు

ముందుగా చేతికొచ్చినవి చందమామలు. 1947 జూలైలో మద్రాసు నుంచి ఈ పత్రిక మొదలైంది. దాన్ని స్థాపించిన బి.నాగిరెడ్డిగారు 1912లో మన కడప జిల్లా పల్లెలోనే పుట్టారని మీకు తెలుసా? వాళ్ల కుటుంబం ఎర్రగడ్డలను రంగూన్‌కు ఎగుమతి చేసేది. ఎర్రగడ్డల వ్యాపారం ఇంట్లో పుట్టిన ఆయన, చక్రపాణిగారితో కలిసి మనకు చందమామను ఇచ్చారు. 'పాతాళ భైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసిందీ ఆ ఇద్దరే. పత్రికలో చూసిన మాంత్రికులే తెర మీదికీ వచ్చారనిపిస్తుంది కదూ!

కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామ బాధ్యత చూశారు. దాసరి సుబ్రహ్మణ్యంగారు సీరియళ్లు రాసేవారు. వడ్డాది పాపయ్యగారు అట్టమీది బొమ్మలు వేసేవారు. భేతాళ కథలకు బొమ్మలు గీసిన శంకర్‌గారు 2020లో పోయారు. 2010 దశకం మొదట్లోనే పత్రికా ఆగిపోయింది. ఇప్పుడు కొత్త చందమామ రాదు. అందుకే ఉన్నది పారేయాలంటే చేయి రాదు.

నిజానికి చందమామను కామిక్ అనకూడదు. అందులో కథే పెద్ద, బొమ్మ దానికి తోడు. కామిక్‌లో గళ్లు గళ్లుగా బొమ్మలు నడుస్తాయి, మాటలు బుడగల్లో ఉంటాయి. ఈ పనిలో మన తెలుగువారిలో ముందు చెప్పుకోవలసిన పేరు బుజ్జాయిగారిది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి అబ్బాయి. 'డుంబు' ఆయన బిడ్డే. 1960లలో ఆయన వేసిన పంచతంత్రం బొమ్మల కథలు ఇలస్ట్రేటెడ్ వీక్లీ అనే ఇంగ్లీషు వారపత్రికలో వచ్చి దేశమంతా తిరిగాయి. 2023లో ఆయన కూడా వెళ్లిపోయారు.

ఇక అమర చిత్ర కథలు. టీవీలో ఒక క్విజ్‌లో పిల్లలు గ్రీకు దేవుళ్ల గురించి గడగడా చెప్పి, రాముడి తల్లి పేరు అడిగితే నోరు తెరవలేకపోయారట. అది చూసిన అనంత్ పాయ్‌గారు 1967లో ఈ వరుస మొదలుపెట్టారు. వాటిలో కొన్ని తెలుగులోకీ వచ్చాయి.

సంచిలోకి వెళ్లాలంటే మూడు ప్రశ్నలు

అన్నీ ఇష్టమే అయితే ఎంచుకోవడం ఎలా? చింతపండు కొనేటప్పుడు ఒక రెబ్బ నోట్లో వేసుకుని చూస్తామా లేదా? అలాగే ప్రతి పుస్తకాన్నీ మూడు ప్రశ్నలు అడిగాను. పిల్లలకు కొనేటప్పుడు మీకూ పనికొస్తాయి.

మొదటిది: మళ్లీ చదువుతానా? ఒక్కసారి చదివితే అయిపోయే పుస్తకం అద్దెకు చాలు, లైబ్రరీలో చాలు. ఇంట్లో చోటు ఇవ్వవలసింది మళ్లీ మళ్లీ పిలిచే దానికే. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం పుస్తకాలు పక్కకు పోయాయి.

రెండోది: బొమ్మ కథ చెబుతోందా? మాటలున్న చోట చేయి అడ్డం పెట్టి చూడండి. ఎవరికి కోపమొచ్చింది, ఎవరు భయపడ్డారు అన్నది బొమ్మలోనే తెలియాలి. తెలియకపోతే అది బొమ్మల కథ కాదు, బొమ్మలు అతికించిన కథ. చదవడం ఇంకా రాని పిల్లలకు పుస్తకం కొనేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

మూడోది: ఇందులో ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? చిన్నప్పుడు నాకు ఈ ప్రశ్న తట్టనే లేదు. ఇప్పుడు చూస్తే చాలా పుస్తకాల్లో మనం ఏడుస్తూనో, ఎదురుచూస్తూనో, నిప్పుల్లో దూకుతూనో ఉన్నాం. రాక్షసులంతా నల్లగా, దేవతలంతా తెల్లగా ఉన్నారు. మా మనవరాలిది చామనచాయ. ఆ పిల్ల ఈ బొమ్మలు చూసి ఏమనుకుంటుంది? అలాగని వాటిని పారేయలేదు. చాంద్ బీబీ, రాణీ దుర్గావతి, అహల్యాబాయి హోల్కర్ వంటి కథలూ ఆ వరుసలోనే ఉన్నాయి. అవి ముందు చదివిద్దాం. పద్మిని కథ వచ్చినప్పుడు మాత్రం పక్కన కూర్చుని మాట్లాడదాం అనుకున్నాను.

శివాజీ, రాణా ప్రతాప్ పుస్తకాలు మాత్రం ఏ ప్రశ్నా అడగకుండానే సంచిలో పెట్టాను. దానికో కారణం ఉంది. 'శివభారతం' రాసిన గడియారం వేంకట శేషశాస్త్రిగారు, 'రాణాప్రతాప సింహ చరిత్ర' రాసిన దుర్భాక రాజశేఖర శతావధానిగారు ఇద్దరూ ప్రొద్దుటూరులో ఉన్నవారే, ఇద్దరూ కలిసి కవిత్వం చెప్పినవారే. దుర్భాకవారు పుట్టింది మా జమ్మలమడుగులోనే! ఆ పద్యాలు నాకు ఒక్కసారిగా కొరుకుడు పడలేదు. బొమ్మల పుస్తకంలో కథ ముందే తెలిసి ఉండబట్టి, తర్వాత పద్యం పట్టుకోగలిగాను. బొమ్మ అక్షరానికి శత్రువు అనేవాళ్లకు నా జవాబు ఇదే. అది మెట్టు, గోడ కాదు.

పెద్దవాళ్లకు సిగ్గెందుకు?

ఈ వయసులో బొమ్మలేమిటి అనేవాళ్లకూ ఒక మాట. జపాన్‌లో గృహిణుల కోసం, ఉద్యోగినుల కోసం వేరుగా బొమ్మల కథల పత్రికలు ఉన్నాయి. హిట్లర్ కాలంలో యూదులు పడ్డ యాతనను ఎలుకలు, పిల్లుల బొమ్మలతో చెప్పిన 'మౌస్' అనే పుస్తకానికి 1992లో అమెరికాలో పులిట్జర్ బహుమతి ఇచ్చారు. ఇరాన్‌లో తన బాల్యాన్ని 'పెర్సెపోలిస్' పేరుతో బొమ్మల్లో చెప్పిన మర్జానె సత్రపి ఒక మహిళ. అంత దూరం ఎందుకు? పక్కనున్న తమిళనాడులో, శివకాశి నుంచి 1972లో మొదలైన ముత్తు కామిక్స్‌ను చిన్నప్పుడు చదివినవాళ్లు, తల నెరిశాక కూడా కొనుక్కుని చదువుతున్నారు.

నేను కాటాకు వేసినవి

ఇప్పుడు ఆ ముల్లు సంగతి చెబుతాను.

మావాడు పదో తరగతి చదివేటప్పుడు వాడి మంచం కింద టింకిల్‌లు, బాలజ్యోతులు గుట్టగా ఉండేవి. ప్రీఫైనల్లో లెక్కల్లో మార్కులు తగ్గాయి. వాడు బడికి పోయినప్పుడు పాత పేపర్ల అతన్ని పిలిచి గుట్టంతా తూకం వేసిచ్చేశాను. ఎవరు? వ్రతకథల పుస్తకంలో చందమామ దాచుకుని చదివిన నేనే! సాయంత్రం వాడు మంచం కిందికి వంగి చూశాడు. నా మొహం చూశాడు. ఏమీ అనలేదు. పరీక్ష పాసయ్యాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు. కానీ పాఠం పుస్తకం తప్ప వేరే పుస్తకం పట్టుకోగా నేను మళ్లీ చూడలేదు.

మార్కుల కోసమే కదా చేశాను అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. నా పెట్టెను మా అమ్మ నలభై ఏళ్లు అటక మీద దాచి ఉంచిందని చూశాక, ఇక ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది.

పాత పుస్తకాలు పదిలంగా

సంచిలో పట్టినవి నలభై పుస్తకాలు. మిగిలినవి తమ్ముడి పిల్లలకు, వీధి పిల్లలకు పంచాను. కాటాకు మాత్రం ఒక్కటీ వేయనివ్వలేదు. ఇంటికి తెచ్చాక చేసిన పనులు మీకూ ఉపయోగపడతాయి.

• పుస్తకాలను ఎర్రటి ఎండలో పెట్టకండి. కాగితం పెళుసై రంగు వెలిసిపోతుంది. గాలి ఆడే నీడలో ఒకరోజు ఆరబెడితే చాలు.

• దుమ్ము పొడి గుడ్డతోనే తుడవాలి. తడిగుడ్డ వద్దు.

• చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. కొన్నాళ్లకు పసుపుపచ్చగా మారి బొమ్మను పాడుచేస్తుంది. ఊడిన పేజీలను దారంతో కుట్టుకోవడం మేలు.

• బాగా ఎండిన వేపాకు పలచటి గుడ్డలో మూటకట్టి పుస్తకాల మధ్య ఉంచండి. రెండు మూడు నెలలకోసారి మార్చండి.

• గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకండి. వానాకాలంలో లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది.

సంచి పులివెందుల చేరింది

పది రోజుల తర్వాత అందులోంచి కొన్ని ఏరుకుని పులివెందుల వెళ్లాను. మనవరాలి ముందు శివాజీని, చాంద్ బీబీని పరిచాను. ఎంత ఆలోచించి ఎంచి తెచ్చానో! ఆ పిల్ల వాటిని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేసింది. అడుగున ఉన్న, మా అమ్మ దబ్బనంతో కుట్టిన పేజీలను లాగింది. మాంత్రికుడి కథ. చివరిదాకా చూసి, "జేజీ, దీనికి ఆఖరి పేజీ లేదే!" అంది.

"లేకుంటే ఏం? ఏమయ్యుంటాదో నువ్వే చెప్పు" అన్నాను. అంతే, ఆ రాత్రి మాంత్రికుణ్ణి మూడు రకాలుగా చంపాం. నాలుగోసారి జాలిపడి వదిలేశాం!

మావాడు ఆఫీసు నుంచి వచ్చి సంచి పక్కన కూర్చున్నాడు. ఒక్కొక్కటీ తీసి చూస్తూ, తల ఎత్తకుండా, "మా, ఇందులో నావేమన్నా ఉండాయా?" అని అడిగాడు.

నలభై దగ్గర పడుతున్న కొడుకు అడిగిన ఆ మాటకు నా గొంతు పెగల్లేదు. "లేవు నాయనా. నేనే తూకానికి వేసినా. తప్పు చేసినా" అన్నాను.

"తెలుసులేమ్మా" అన్నాడు. కాసేపటికి భేతాళ కథ ఒకటి తీసుకుని కూతురు పక్కన పడుకుని చదవడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

పోయిన నెల వాళ్లు ప్రొద్దుటూరు వచ్చినప్పుడు, మావాడు పిల్లను పుస్తకాల అంగడికి తీసుకుపోయి, "నీకు నచ్చింది నువ్వే తీసుకో" అన్నాడు. అది ఏరుకున్న పుస్తకం నాకు బొత్తిగా నచ్చలేదు. నా మూడు ప్రశ్నల్లో రెండింటికి తప్పుతుంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. నిన్న ఫోన్ చేస్తే తెలిసింది, ఆ పుస్తకాన్ని నాలుగోసారి చదువుతోందట! నా మొదటి ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

మీ ఇంట్లోనూ అటక మీద ఇలాంటి పెట్టె ఉంటే ఒకసారి దింపి చూడండి. మీ పిల్లల మంచం కింద గుట్ట ఉంటే మాత్రం, పాత పేపర్ల అతన్ని పిలిచే ముందు ఒక్కసారి పిల్లల్ని అడగండి.