గొంతు పోయిన ఆంప్లిఫయరు

పాడయిన ఆంప్లిఫయరుకు మొదట కావలసింది కొత్త సామాను కాదు, నాలుగు సరైన ప్రశ్నలు. వైద్యుడు మందు రాసేముందు నాడి చూస్తాడు గదా! మనం మాత్రం పెట్టె గుయ్యిమనగానే మూత విప్పి, చేతికందిన భాగమల్లా మార్చేస్తాం. జబ్బొకటి, మందొకటి!

నేను పగలు హైటెక్ సిటీలో కంప్యూటరు ప్రోగ్రాముల్లో దోషాలు వెతికే ఉద్యోగిని. కాపురం ప్రగతి నగర్‌లో, అంబీర్ చెరువుకు దగ్గర. సెలవు రోజుల్లో ఇరుగుపొరుగుల టేపురికార్డర్లు బాగుచేయడం నా సరదా. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు "జీతంలేని నౌకరీ".

కిందటి వేసవిలో పై అంతస్తు బామ్మగారు కబురంపారు. వారింట్లోది 1984లో వారాయన కొన్న స్టీరియో ఆంప్లిఫయరు. ఆయన పోయి ఆరేళ్ళయింది. స్వయంగా చదివిన పద్యాలు క్యాసెట్లలో వదిలి వెళ్ళారు. మొదట్లో పద్యం వెనక కొద్దిగా హోరు వినిపించేదట. రానురాను పద్యం మునిగిపోయి హోరే మిగిలింది. ఒక దుకాణంవారు, "లోపలి బోర్డు మొత్తం మార్చాలి, అది ఇప్పుడు దొరకదు" అని చేతులెత్తేశారు. అమెరికాలో ఉన్న అబ్బాయి, "కొత్తది పంపిస్తానమ్మా, ఆ డబ్బా పారెయ్" అన్నాడట.

"ఆయన ఉన్నన్నాళ్ళూ ఇది పలికింది నాయనా. ఒక్కసారి చూసిపెట్టు" అన్నారావిడ.

మూత విప్పకుండానే విచారణ మొదలుపెట్టాను. టేపురికార్డరు తీగ ఊడదీశాను, హోరు ఆగలేదు. కనుక దోషం టేపులో లేదు, తీగలో లేదు. వాల్యూము మీట పూర్తిగా తగ్గించాను; అయినా అదే హోరు. కనుక మీటకు ముందున్న భాగాలు నిర్దోషులు. కుడి ఎడమ స్పీకర్లు రెంటిలోనూ హోరు సమానంగా ఉంది. రెండు వైపులా ఒకేసారి ఒకే జబ్బు వచ్చిందంటే, రెంటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే అనుమానించాలి. ఆ ఉమ్మడి సొత్తు కరెంటు సరఫరా భాగం.

మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తగ్గిస్తుంది, డయోడులు ఒకే దిక్కుకు మళ్ళిస్తాయి. అప్పుడది సెకనుకు 100 ఎగుడుదిగుళ్ళతో వస్తుంది. వాటిని చదును చేసేవి పెద్ద కండెన్సర్లు. కుళాయి ఆగి ఆగి వచ్చినా, మిద్దెమీది ట్యాంకు వల్ల ఇంట్లో ధార ఒకే తీరున పడడంలేదూ? అలాగన్నమాట. ట్యాంకు ఎండితే ఎగుడుదిగుళ్ళన్నీ తిన్నగా స్పీకరులోకే. అదే ఆ హోరు!

ప్లగ్గు ఊడదీసి, కాసేపాగి మూత విప్పాను. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో కరెంటు నిలవ ఉంటుంది సుమండీ! దాన్ని రెసిస్టరు ద్వారా నెమ్మదిగా ఖాళీ చేసి, మీటరు సున్నా చూపాకే చెయ్యి పెట్టాలి. రెండు కండెన్సర్లూ నెత్తిన పొంగి ఉన్నాయి. వాటిలోని ద్రవం కాలక్రమాన ఎండుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుర్దాయం సుమారు సగమవుతుందని లెక్క. బామ్మగారేమో ఆంప్లిఫయరు మీద లేసుగుడ్డ కప్పి, దానిమీద వారాయన ఫోటో పెట్టారు. గాలిసందులన్నీ మూసుకుపోయాయి!

జె.ఎన్.టి.యు. కాలేజీ స్టేషనులో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగి, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. ఎలక్ట్రానిక్ సామానుకు అది పెట్టింది పేరు. 4700 మైక్రోఫారడ్లవి, పాతవాటికంటె వోల్టేజి తగ్గకుండా, 105 డిగ్రీల వేడికి తట్టుకునేవి రెండు కొన్నాను. సినిమా టిక్కెట్టుపాటి ఖర్చు. బిగించేటప్పుడు ప్లస్సు, మైనస్సు తారుమారయితే అవి పేలిపోతాయి.

తరువాత, వంద వాట్ల పాతరకం బల్బును సీరీసులో కలిపి స్విచ్చి వేశాను. బల్బు ఒక్కసారి వెలిగి మందగించింది. అలా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్టు ఉన్నదన్నమాట. స్పీకరు తగిలించే చోట మీటరు పెట్టి చూస్తే 18 మిల్లీవోల్టులు, భయంలేదు. అక్కడ పది ఇరవై వోల్టులు ఉంటే స్పీకర్లు కాలిపోయేవి.

క్యాసెట్టు పెట్టాం. ముందు నిశ్శబ్దం, తరువాత ఒక దగ్గు, ఆపైన పద్యం. "ఆ దగ్గు కూడా వినపడుతోందే!" అన్నారు బామ్మగారు. ఫోటో గోడకెక్కింది. లేసుగుడ్డ బల్లకు దిగింది.

మీ ఇంట్లోనూ ఆంప్లిఫయరు ఉంటే దాని నెత్తిన గుడ్డ కప్పకండి. పాడయితే తీగ తీసి, మీట తగ్గించి, రెండు చెవులా విని, విన్నది మరమ్మతుదారుకు చెప్పండి. సగం పని మీరే చేసినట్లు. వాల్వుల కాలం నాటి సెట్లను మాత్రం అసలు విప్పకండి. వాటిలో వందల వోల్టులుంటాయి. అది తెలిసినవాళ్ళ పని.