బాకా మోగింది, వింటున్నామా?

యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయంలో ఒక కావలివాడు మనకు కనిపిస్తాడు. ఆపదను ముందే చూసి బాకా ఊదడం అతని పని. ఊదకపోతే నేరం అతనిది. ఊదినా జనం లక్ష్యపెట్టకపోతే నేరం వారిదే. నేడు అలాంటి కావలివారు కొందరు ఆకాశంలో ఉన్నారు. ఆ ఉపగ్రహాలు కావలి కాసేది సముద్రంలోని పగడపు దిబ్బలను.

పగడం మన బైబిలుకు కొత్త కాదు. జ్ఞానం ఎంత విలువైనదో చెప్పే యోబు గ్రంథం 28వ అధ్యాయంలో దాని పేరుంది. దిబ్బలు కట్టే పగడాలు చూడడానికి రాళ్లలా ఉన్నా అవి ప్రాణులే. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. ఎండతో ఆహారం తయారుచేసి పగడాన్ని పోషించేది ఆ నాచే. చాలావరకు రంగునిచ్చేదీ అదే. నీరు మితిమీరి వేడెక్కితే పగడం ఆ నాచును వెళ్లగొట్టి, తెల్లగా పాలిపోతుంది. అయితే వెంటనే చావదు. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. వేడి వారాల తరబడి నిలిస్తే ఆకలితో నశిస్తుంది.

అందుకే వేడి ఎంత ఉందన్నదే కాదు, ఎన్నాళ్లుందన్నదీ ముఖ్యం. అమెరికా సంస్థ 'నోవా' నడిపే 'కోరల్ రీఫ్ వాచ్' ఉపగ్రహాల ద్వారా సముద్ర ఉపరితలపు వేడిని ప్రతిరోజూ చూస్తుంది. ఒక చోట అత్యంత వేడిగా ఉండే నెల సగటుకంటే 1 డిగ్రీ పెరిగితే ప్రమాదం మొదలైనట్టే. గత 12 వారాల్లో అలా పోగైన వేడిని లెక్కగడతారు. లెక్క 4కు చేరితే పగడాలు తెల్లబడతాయని, 8కి చేరితే చావులు కూడా ఉంటాయని హెచ్చరిస్తారు.

మన హైదరాబాద్‌లోనూ ఇలాంటి కావలి గోపురం ఉంది. అక్కడి 'ఇన్‌కాయిస్' సంస్థ 2011 నుంచి అండమాన్, లక్షద్వీప్, మన్నార్, కచ్ ప్రాంతాల పగడాలకు ఉపగ్రహ సమాచారంతో హెచ్చరికలిస్తోంది.

లక్షద్వీప్ దీవులు నిలిచింది పగడాల మీదే. 2011 జనాభా లెక్కల్లో అక్కడ 64 వేలమందికి పైగా ఉన్నారు. వారి ఇళ్లకు అలలు తగలకుండా అడ్డుగోడ ఆ దిబ్బే. ట్యూనా పట్టే జాలరులకు ఎరచేపలు దొరికేదీ దిబ్బల లోపలి మడుగుల్లోనే. 1998, 2010, 2016లలో దెబ్బతిన్న ఆ పగడాలు 2024లో మళ్లీ తెల్లబడ్డాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో, ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడడం ఇది 4వ సారి అని శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

హెచ్చరికను విన్నవారూ ఉన్నారు. 2023 జూలైలో ఫ్లోరిడా సముద్రం ఉడికిపోతుంటే, నర్సరీల్లో పెంచుతున్న పగడాలను కొన్నిటిని ఒడ్డుకు తెచ్చి తొట్లలో దాచారు. కానీ దిబ్బలన్నిటినీ అలా ఎత్తుకురాగలమా? సముద్రాన్ని వేడెక్కిస్తున్నది మనం కాల్చే బొగ్గు, పెట్రోలు, డీజిలు. ఒకే వీధి నుంచి నలుగురం నాలుగు కార్లలో ఆరాధనకు వస్తాం. ఎవరూ లేని గదిలో ఏసీ తిరుగుతూనే ఉంటుంది. ఈ లెక్కలో మా మందిరాలూ ఉన్నాయి, బోధించే మేమూ ఉన్నాం.

ఏదెను తోటను సేద్యపరచడమే కాదు, కాయడం కూడా ఆదాముకు అప్పగించిన పని. కావలివాడు తన పని చేశాడు. ఇక నేరం ఎవరి మీద ఉంటుందో యెహెజ్కేలు మనకు ముందే చెప్పాడు.