మధుమేహము: మెట్టరైతు ఎరుగవలసిన సంగతులు

భూసార పరీక్ష చేయింపక ఎరువు చల్లుట నష్టమని మన రైతు సోదరులు ఎరుగుదురు. పైరు పచ్చగా కనబడుచుండగనే నేలలో లోపము పెరుగుచుండవచ్చును. దేహమున మధుమేహమును అట్టిదే. ఆరంభమున నొప్పి యుండదు, జ్వరముండదు, పని ఆగదు. కావున బాధ కలుగువరకు వేచియుండుట తగదు. ఈ వ్యాధిని కనిపెట్టుటకును, అదుపులో నుంచుటకును ఆధారమొక్కటే: కొలత.

మనము తినిన యన్నము చక్కెరగా మారి నెత్తుటిలో చేరును. క్లోమగ్రంథినుండి ఊరు ఇన్సులిను ఆ చక్కెరను కండరములకు అందజేయును. అది చాలనపుడు గాని, దేహము దానికి సరిగా స్పందింపనపుడు గాని చక్కెర నెత్తుటిలోనే నిలిచిపోవును. మురుగు తీయని చేలో నీరు నిలిచి వేళ్లు కుళ్లినట్లు, అది ఏండ్ల తరబడి కండ్లను, మూత్రపిండములను, గుండెను, పాదముల నరములను చెరచును. మూత్రమునకు చీమలు పట్టుట పూర్వులెరిగిన గుర్తు. ఆ గుర్తుకై వేచియుండినచో జాప్యమగును.

జగ్గయ్యపేట, నందిగామ తాలూకాలు 2022 వరకు కృష్ణా జిల్లాలోనివి, ఇపుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నవి. ఈ మెట్టనేలలలో మన పెద్దలు జొన్నకూడు తిని, కాలినడకను పొలము పోయి, రోజంతయు కష్టించిరి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట క్రమముగా వరి పెరిగెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదయింట అన్నపుకుండ నిండెను. ఆకలి తీరుట మేలే, దానిని నిందింపరాదు. అయితే ట్రాక్టరు, మోటారు సైకిలు వచ్చి శ్రమ తగ్గినను కంచములోని అన్నము తగ్గలేదు. చిక్కు అచ్చటనే యున్నది. భారత వైద్య పరిశోధనా మండలి వారి యధ్యయనము 2023లో వెలువడెను. దాని ప్రకారము దేశమున పదికోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి కలదు.

కావున 30 ఏండ్లు నిండిన ప్రతివారును, స్త్రీలును పురుషులును, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. రాత్రి భోజనము తరువాత ఏమియు తినక ఉదయమున తీసిన నెత్తుటిలో, డెసిలీటరునకు చక్కెర 100 మిల్లీగ్రాములకు లోబడి యుండుట మంచిది. 100 మొదలు 125 వరకు హెచ్చరిక. 126 గాని అంతకు మించి గాని యున్నచో మరల పరీక్షించి వైద్యుడు వ్యాధిని నిర్ధారించును.

హెచ్చరిక దశలో నున్నవారు నిరాశ చెందనక్కరలేదు. చెన్నపట్టణమున జరిగిన పరిశోధన ఫలితములు 2006లో ప్రకటింపబడినవి. అట్టి దశలో నున్నవారిలో మూడేండ్లలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చెను. ఆహారము సవరించుకొని దినమునకు అరగంట నడచిన వారిలో 39 మందికే వచ్చెను. నాట్లు, మిరపకోతలు లేని నెలలలో ఈ నడక మరి ముఖ్యము.

కంచములో సగము కూరలుండవలెను: తోటకూర, గోంగూర, బీర, వంకాయ, మన పెరటిలో పండునవే. పావు భాగము పప్పు, పావు భాగము అన్నము. జొన్నరొట్టెలో పీచు హెచ్చు గనుక తెల్లయన్నము కంటె మేలు. అయినను జొన్నయు పిండిపదార్థమే. రెండు రొట్టెలకు మారు ఆరు తినినచో ఫలము లేదు. టీ సంగతియు లెక్కింపుడు. దినమునకు నాలుగు మారులు, మారునకు రెండు చెంచాల చక్కెర చొప్పున త్రాగువాడు నెలకు ఇంచుమించు ఒక కిలో చక్కెర తినుచున్నాడు. చుట్ట, బీడీ రక్తనాళములను చెరచును గనుక మానవలెను.

మందు వాడువారు కాకరరసమో, నేరేడు గింజల పొడియో దొరకినదని మందు మానరాదు. మాత్రలు మ్రింగియో, ఇన్సులిను పొడిపించుకొనియో అన్నము తినక పొలము పోరాదు. చక్కెర మరీ తగ్గినచో వణకు, చెమట, తల తిరుగుట కలుగును. అపుడు మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగి, పావుగంట ఆగి, తగ్గనిచో మరల త్రాగవలెను. మందు తెంపువేళలలో చేతిసంచిలో చక్కెర పొట్లముండుట మేలు. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయక, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

తుదకు పాదముల మాట. నరములు మొద్దుబారినవానికి తుమ్మముల్లు గుచ్చుకొనినను, పత్తిమోడు కోసినను తెలియదు. నొప్పి లేదు గదా యని యూరకుండగా పుండు లోలోపల ముదిరి, కడకు కాలు తీయవలసి వచ్చును. కాలు పోయిన రైతునకు సేద్యమును భారమగును. కావున మధుమేహము గలవాడు చెప్పులు లేక చేలో దిగరాదు. ప్రతి రాత్రి దీపపు వెలుగున అరికాళ్లు, వ్రేళ్ల నడిమి సందులు చూచుకొనవలెను. చూపు ఆననివారికి ఇంటివారు చూచి చెప్పవలెను. కాయలను బ్లేడుతో కోసికొనరాదు. చిన్నపుండైనను ఆకుపసరు పూసి జాగు చేయక వైద్యునికి చూపవలెను.

పొలమునకు మడవ కట్టి నీరు కొలిచి పెట్టువారు మనవారు. ఆ నేర్పునే కంచమునకును, నెత్తుటికిని, నడకకును వినియోగించినచో, ఈ వ్యాధి యున్నను చిరకాలము సేద్యము చేసికొనవచ్చును.