పసుపు దీపం ఏం చెబుతుంది?

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బి.ఎస్.6 బైకు చూడండి. తాళం తిప్పగానే మీటరులో ఇంజను బొమ్మ పసుపుగా వెలుగుతుంది. ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరలేదా? విషపు పొగను తగ్గించే ఏర్పాటులో ఎక్కడో లోపం ఉందన్నమాట.

బండిలోని చిన్న కంప్యూటరు ఆ లోపాన్ని నంబరుగా రాసి పెట్టుకుంటుంది. మెకానిక్ స్కానరు తగిలించి దాన్ని చదువుతాడు. పి0130 అని వచ్చిందనుకోండి. పొగగొట్టం దగ్గరి ఆక్సిజన్ సెన్సారుకు కరెంటు దారి సరిగా లేదని అర్థం. సెన్సారే పోయిందని కాదు! ఎలుక వైరు కొరికి ఉండొచ్చు. కనెక్టరులో నీళ్లు చేరి ఉండొచ్చు. కొత్త సెన్సారుకు వేలల్లో ఖర్చు. కాబట్టి ముందు వైరు చూడమని అడగాలి. కొందరు నంబరు చెరిపేసి పంపుతారు. దీపం ఆరుతుంది. లోపం అలాగే ఉంటే మళ్లీ వెలుగుతుంది.